రోజూ ఆఫీసుకి, ఆదివారం ఆటోక్రాస్‌కి: ఒకే కారుకి ఏ టైర్లు వేయించాలి?

ముందు ఒక లెక్క. అమెరికాలో ఆఫీసుకి వెళ్ళొస్తూ, వారాంతం గుడికీ పటేల్ బ్రదర్స్ కిరాణాకీ తిరిగే కారు ఏడాదికి సుమారు 12,000 మైళ్ళు తిరుగుతుంది అనుకుందాం. అదే కారుతో సీజన్‌లో 10 ఆటోక్రాస్‌లకి (కోన్ల మధ్య గడియారంతో పడే పోటీలకి) వెళ్తే, ఒక్కోసారి 5 రన్‌లు, రన్‌కి అర మైలు పైచిలుకు, అన్నీ కలిపితే 30 మైళ్ళు అటూ ఇటూ. 12,000కి 30. అయినా సరే, టైర్లు మార్చే టైమ్ వచ్చిందంటే బుర్రంతా ఆ 30 మైళ్ళ మీదే ఉంటుంది. పాడక్‌లో, అంటే పోటీకొచ్చిన కార్లు ఆపే చోట, పక్క కారతను "యోకోహామా ఎ052 టైర్లు వేసి చూడు, టైమ్ ఎలా పడిపోతుందో" అన్న మాటే చెవిలో తిరుగుతుంటుంది.

నేను చెప్పేది ఒకటే. టైరుని ఆటోక్రాస్ చూసి ఎంచుకోకండి. ఏడాది మొత్తంలో మీరు కారు తీయక తప్పని అతి పాడు ఉదయం ఏదో ఆలోచించండి, గడ్డకట్టే చలో, కుండపోత వానో, మీ ఊరిని బట్టి. ఆ ఉదయం మిమ్మల్ని ఆఫీసుకి క్షేమంగా చేర్చే టైర్లు ఏవో ముందు తేల్చుకుని, వాటిలో కోన్ల మధ్య ఏది బాగా పట్టుకుంటుందో తర్వాత చూడండి. ఈ వరస తిరగేసినవాళ్ళు సాధారణంగా నవంబర్‌లో ఇంకో సెట్ టైర్లు కొంటారు.

ఆటోక్రాస్ కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అంటే అందరూ అనే ఎస్‌సీసీఏ, దీన్ని 'సోలో' పేరుతో నడుపుతుంది. ఖాళీ పార్కింగ్ లాట్‌లోనో పాత ఎయిర్‌ఫీల్డ్‌లోనో ఆరెంజ్ కోన్లతో దారి వేస్తారు, కార్లు ఒక్కొక్కటిగా గడియారంతో పోటీ పడతాయి, రన్ నిమిషం అటూ ఇటూ. కోన్ పడేస్తే సాధారణంగా 2 సెకన్ల పెనాల్టీ, గేటు (కోన్ల మధ్య దూరాల్సిన సందు) తప్పితే ఆ రన్ పోయినట్టే. స్పీడు ఫ్రీవే స్పీడు దాటదు, చాలా కార్లు రెండో గేరులోనే పని కానిచ్చేస్తాయి. హెల్మెట్ లేకపోతే చాలాచోట్ల అక్కడే అరువిస్తారు. ఇండియాలో జరిగే ఆటోక్రాస్‌లు చాలావరకు మట్టి మీద కాబట్టి అక్కడి లెక్క వేరు, ఇక్కడ నేను రాసేది తారు, కాంక్రీట్ గురించి.

దేన్ని చూసి తేల్చుకోవాలి

అన్నిటికంటే ముందు చలి. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి, అంటే 4-5 సెల్సియస్‌కి, దిగేసరికి గట్టిపడుతుంది. దీనికి మంచు పడక్కర్లేదు, రోడ్డు పొడిగా ఉన్నా జారుతుంది, ముఖ్యంగా ఫ్రీవే ర్యాంప్ మీద, టైర్లు ఇంకా వేడెక్కని మొదటి రెండు మైళ్ళలో. గడ్డకట్టే చలిలో కారు కదిపితే ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే రబ్బరు, పగిలే ప్రమాదం ఉందని తయారీ కంపెనీలే హెచ్చరిస్తాయి. "డాలస్‌లో చలేంటండీ" అనేవాళ్ళకి 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది, డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. అంత చలి ఎప్పుడో గానీ రాదు, ఒప్పుకుంటా. కానీ 30ల్లో మొదలయ్యే జనవరి ఉదయాలు అక్కడ ప్రతి ఏడూ ఉంటాయి, వాటిలో చాలావాటికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వరు.

తర్వాత వాన. ఇక్కడ జనం రెండు వేర్వేరు విషయాల్ని ఒకటిగా కలిపేస్తుంటారు. తడి రోడ్డు మీద పట్టు ఒకటి, నిలిచిన నీళ్ళ మీద తేలిపోకుండా ఉండడం ఇంకొకటి. మొదటిది ఎక్కువగా రబ్బరు చూసుకుంటుంది, రెండోది ట్రెడ్ మీది గాడులూ వాటి లోతూ చూసుకుంటాయి. అందుకే కొత్త ఎ052 లాంటి టైరు తడి పార్కింగ్ లాట్‌లో ఆశ్చర్యపోయేలా పట్టుకుంటుంది, అదే టైరు సగం అరిగాక 70 మైళ్ళ స్పీడులో నీళ్ళ మడుగు ఎక్కితే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. చాలా రాష్ట్రాల్లో చట్టం ట్రెడ్ 2/32 అంగుళం దాకా ఒప్పుకుంటుంది, వాన రోడ్డు మాత్రం 4/32 దగ్గర నుంచే ఒప్పుకోదు. ఇంకో చిక్కు, స్పోర్ట్ టైర్లు అరిగేకొద్దీ ట్రెడ్ ముక్కలు ఊగడం తగ్గి పొడి రోడ్డు మీద ఇంకా చురుగ్గా ఉంటాయి. కోన్ల మధ్య మీ టైరు బ్రహ్మాండంగా అనిపించే రోజులూ, హైవే వానలో అది పనికిరాకుండా పోయే రోజులూ దాదాపు ఒకటే.

ఆటోక్రాస్ వైపు చూస్తే ముఖ్యమైంది మొదటి మూల. ట్రాక్ డేలో, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పే రోజున, టైరు వేడెక్కడానికి ఒక ల్యాప్ దొరుకుతుంది, ఇక్కడ అంత తీరిక లేదు. లైన్‌లో నిలబడి చల్లబడ్డ టైర్లతో బయలుదేరి, నిమిషంలో పని ముగించి, మళ్ళీ పది పదిహేను నిమిషాలు ఆగుతాం. ఎంత వేడిలో ఎంత పట్టుకుంటుంది అన్నది కాదు, చల్లగా ఉన్నప్పుడే ఎంత పట్టుకుంటుంది అన్నది ప్రశ్న.

ఇక అరుగుదల. 30 మైళ్ళే కదా అని తీసిపారేయకండి. రన్ అయ్యాక కారు దిగి ముందు టైరు బయటి అంచు మీద వేలు పెట్టి చూడండి, రబ్బరు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని, అంచు పక్కకి ఒరిగిపోయి కనిపిస్తుంది. ముందు చక్రాలకి క్యాంబర్ (పైభాగం లోపలికి వంగి ఉండడం) పెద్దగా లేని మామూలు కార్లలో టైరు మధ్యభాగం కొత్తగానే ఉంటుంది, అంచు మాత్రం సీజన్‌లోపే నున్నగా అయిపోతుంది. మూలలో స్టీరింగ్ ఎక్కువ తిప్పేసి కారు తిరగట్లేదని ఇంకా తిప్పేవాళ్ళకి ఇది ఇంకా త్వరగా అవుతుంది. అరుగుదల సగం టైరు చేతిలో ఉంటే సగం మన చేతిలో ఉంటుంది.

చప్పుడు, కుదుపు గురించి ఒక్క మాట. మీరొక్కరే నడిపే కారైతే వదిలేయండి. వెనక సీట్లో పిల్లలు పడుకునే కారైతే, టెక్సస్ కాంక్రీట్ ఫ్రీవేల మీద 200 రకం టైర్లు చేసే ఆ బొయ్యిమనే శబ్దం ఇంట్లో చర్చనీయాంశం అవుతుంది.

ఆ 200 సంగతేంటి

టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె అచ్చేసి ఉంటుంది, దాని పక్కనే ట్రాక్షన్, టెంపరేచర్ అక్షరాలూ ఉంటాయి. ట్రెడ్‌వేర్ పరీక్ష టెక్సస్‌లోని శాన్ ఆంజెలో దగ్గర పబ్లిక్ రోడ్ల మీద జరుగుతుంది. కార్లు వరసగా 7,200 మైళ్ళు నడుస్తాయి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల లెక్క కడతారు. 100 అంటే ఆ ప్రామాణిక టైరుతో సమానం, 200 అంటే కాగితం మీద దానికి రెట్టింపు ఆయుష్షు. అంకె వేసేది కంపెనీయే, తన టైరుకి తక్కువ అంకె వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. గ్రిప్‌ని కొలిచే అంకె కాదు ఇది.

మరి ఆటోక్రాస్‌కి దీనితో పనేంటంటే, ఎస్‌సీసీఏ స్ట్రీట్ కేటగిరీలో, అంటే పెద్దగా మార్పులు చేయని కార్ల తరగతిలో, ట్రెడ్‌వేర్ కనీసం 200 ఉండాలి. దాంతో కంపెనీలన్నీ గీతకి సరిగ్గా ఆనించి 200 అని వేసి, లోపల వీలైనంత జిగటు రబ్బరు నింపుతాయి. ఒకే 200 అంకె ఉన్న రెండు టైర్లలో ఒకటి రెండేళ్ళు వస్తే ఇంకోటి ఒక సీజన్ కూడా రాకపోవచ్చు. రోడ్డు మీద నడపడానికి ఒప్పుకునే టైరే అయినా టోయో ఆర్888ఆర్ లాంటిది, ట్రెడ్‌వేర్ 100, వేసుకుంటే స్ట్రీట్ క్లాస్ నుంచి బయటికి పోతారు, బాగా మార్పులు చేసిన కార్ల మధ్య పడతారు. హూసియర్ ఎ7 లాంటి రేసు టైర్ల సంగతి ఇక్కడ ఎత్తను, వాటితో రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఈ వ్యాసం అవసరం లేదు.

ఇక అన్నీ ఒకచోట:

| రకం | ఉదాహరణ | చలి ఉదయం | హైవే వాన | కోన్ల మధ్య | ఆయుష్షు |
|---|---|---|---|---|---|
| ఆల్ సీజన్ స్పోర్ట్ | మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్06 ప్లస్ | బాగుంటుంది | బాగుంటుంది | నేర్చుకోవడానికి చాలు | ఎక్కువ |
| సమ్మర్ | మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ స్పోర్ట్ 02, ఫైర్‌స్టోన్ ఇండీ 500 | 40 ఫారెన్‌హీట్ కింద వద్దు | చాలా బాగుంటుంది | మధ్యస్తం కంటే పైన | మధ్యస్తం |
| 200, దీర్ఘకాలం | హాంకూక్ ఆర్‌ఎస్4 | వద్దు | జాగ్రత్త | వేడెక్కితే బాగుంటుంది | 200 వాటిలో ఎక్కువ |
| 200, మధ్యరకం | ఫాల్కెన్ ఆర్‌టి660, కుమ్హో వి730 | వద్దు | జాగ్రత్త | చాలా బాగుంటుంది | తక్కువ |
| 200, గెలవడానికి | బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా ఎ052 | వద్దు | అరిగాక భయం | అన్నిటికంటే మేలు | చాలా తక్కువ |

ఆల్ సీజన్ స్పోర్ట్ టైర్లు

వీటిని రెంటికీ చెడ్డ రేవడి అని కొట్టిపారేసేవాళ్ళే పాడక్‌లో ఎక్కువ. నేను అలా అనను, కాకపోతే ఒక షరతు ఉంది. మొదటి సీజన్‌లో ఉన్నవాళ్ళకి, ఏడాదికి మూడు నాలుగు ఈవెంట్ల కంటే ఎక్కువ వెళ్ళనివాళ్ళకి ఇవి పూర్తిగా చాలు. పట్టు తక్కువ కాబట్టి కారు ఏం చేస్తోందో మెల్లగా, అరుస్తూ చెబుతుంది, హద్దు దాటినప్పుడు దాటావని ముందే తెలుస్తుంది. జిగటు టైరు ఆఖరి క్షణం దాకా నోరు మెదపకుండా పట్టుకుని ఒక్కసారిగా వదిలేస్తుంది, దాని మీద నేర్చుకున్నవాళ్ళకి ఆ హద్దు ఎక్కడుందో తెలియడానికి చాలా కాలం పడుతుంది.

డీడబ్ల్యూఎస్06 ప్లస్‌కి 50,000 మైళ్ళ వారంటీ ఉంది, పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4కి 45,000. ఈ అంకెలు చూసి మురిసిపోయేముందు వారంటీ పుస్తకం చదవండి, రేసింగ్‌లో, పోటీల్లో వాడితే వర్తించదని చాలా కంపెనీలు రాసే ఉంచుతాయి. వీటి అసలు సమస్య ఎండాకాలం. మెత్తని ట్రెడ్ ముక్కలు, వాటిలో మంచు కోసం కోసిన సన్నని గాట్లు, ఆగస్టు మధ్యాహ్నం వేడి తారు మీద నాలుగో రన్‌కి ఊగడం మొదలుపెడతాయి, స్టీరింగ్ తిప్పాక కారు తిరగడానికి ఒక క్షణం ఆలోచిస్తుంది. అంచుల్లో ముక్కలు ఊడిరావడం కూడా మామూలే. సీజన్ మొత్తం గట్టిగా వెళ్ళాలనుకుంటే వీటిని పాడుచేసుకోవడం దండగ.

సమ్మర్ టైర్లు: ఒకే సెట్ వాళ్ళకి నా ఓటు

ఒకే సెట్ టైర్లు, ఒకే కారు, చలి పెద్దగా లేని ఊరు. ఈ మూడూ మీకు వర్తిస్తే ఇంక ఎక్కువ ఆలోచించకండి. హూస్టన్, ఆస్టిన్, టాంపా, ఫీనిక్స్, బే ఏరియాల్లో ఉండేవాళ్ళలో చాలామందికి ఇదే సరిపోతుంది. డాలస్, అట్లాంటా, షార్లెట్ వాళ్ళకి కూడా, ఇంట్లో రెండో కారు ఉండి ఆ గడ్డకట్టే కొన్ని రోజులు దాంతో గడిపేయగలిగితే.

పైలట్ స్పోర్ట్ 4ఎస్ ట్రెడ్‌వేర్ 300, వారంటీ 30,000 మైళ్ళు. ముందూ వెనకా సైజులు వేరైన కార్లలో వెనక టైర్లకి అందులో సగమే. వానలో దీనంత ధైర్యమిచ్చే టైర్లు తక్కువ. కాంటినెంటల్ స్పోర్ట్ 02 దాదాపు దాని పక్కనే నిలబడుతుంది, చాలా సైజుల్లో తక్కువకే వస్తుంది, స్టీరింగ్ దగ్గర నాకు ఇంకాస్త చురుగ్గా అనిపిస్తుంది. ఫైర్‌స్టోన్ ఇండీ 500 డబ్బు చూసుకునేవాళ్ళ టైరు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కొంచెం మెత్తన, కానీ ఆ ధరకి ఇంత పట్టు అనేసరికి నోరు మూసుకోవాల్సిందే.

వీటితో స్ట్రీట్ క్లాస్‌లో గెలవగలరా? లోకల్ ఈవెంట్‌లో, బాగా నడిపితే, ట్రోఫీలు వస్తాయి. నెబ్రాస్కాలోని లింకన్‌లో సెప్టెంబర్‌లో జరిగే ఎస్‌సీసీఏ జాతీయ పోటీ, సోలో నేషనల్స్‌కి వెళ్ళి గెలవాలంటే కుదరదు, అక్కడికి అందరూ 200 రకంలో కెల్లా జిగటువే వేసుకుని వస్తారు. ఆ రెండింటి మధ్య ఎక్కడున్నారో మీకే తెలియాలి.

సమ్మర్ టైర్లలో ఇంకో లాభం ఎవరూ పెద్దగా చెప్పరు. వీటి రబ్బరు పట్టు అరిగేదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. 200 రకం చాలాసార్లు వేడెక్కి చల్లారిన కొద్దీ రబ్బరు గట్టిపడుతూ వస్తుంది. ట్రెడ్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, టైమ్ మాత్రం పోతుంటుంది, కారులో ఏదో తేడా వచ్చిందని మనం అలైన్‌మెంట్ షాపు చుట్టూ తిరుగుతుంటాం.

200 రకం: అన్నీ ఒకటి కాదు

ఇక్కడే ఎక్కువమంది తప్పు టైరు కొంటారు, ఎందుకంటే అంకె ఒకటే కదా అనుకుంటారు.

హాంకూక్ ఆర్‌ఎస్4 గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లోనూ ట్రాక్ డేల్లోనూ పేరున్న టైరు. అరుగుదల తక్కువ, వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ దానికి వేడి కావాలి, మన నిమిషం రన్‌లో, మార్చి ఉదయం చల్లటి తారు మీద, అది నిద్ర లేచేసరికి ఫినిష్ లైన్ వచ్చేస్తుంది. ఏడాదిలో ఆటోక్రాస్‌లతో పాటు ట్రాక్ డేలు కూడా చేసేవాళ్ళకి మాత్రం మంచి టైరు, రోడ్డు మీద కూడా చెప్పుకోదగ్గన్ని మైళ్ళు వస్తుంది.

ఎ052 సరిగ్గా దానికి ఎదురు. మొదటి రన్, మొదటి మూల నుంచే పట్టు. ఒకే డ్రైవర్ అయితే వేసవిలో కూడా నెట్టుకొస్తుంది. ఇద్దరు డ్రైవర్లు ఒకే కారు పంచుకుంటే మాత్రం చల్లారే టైమ్ దొరక్క మూడో రన్‌కి జారుడు మొదలవుతుంది. అందుకే ఎ052 కార్ల పక్కన మొక్కలకి మందు కొట్టే చేతి పంపులు కనిపిస్తుంటాయి, రన్‌కీ రన్‌కీ మధ్య టైర్ల మీద నీళ్ళు చిమ్మి చల్లారుస్తుంటారు. ఇది రోజూ ఆఫీసుకి వాడితే అరుగుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. దయచేసి ఒక్క సెట్‌గా కొనకండి.

బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ కొంచెం వేడి అడుగుతుంది, ఎక్కువ వేడినీ ఓర్చుకుంటుంది, ఎ052 కంటే నెమ్మదిగా అరుగుతుంది. టెక్సస్, అరిజోనా ఎండల్లో ఇద్దరు డ్రైవర్లున్న కారుకి నేనైతే దీనివైపే చూస్తాను. పసిఫిక్ నార్త్‌వెస్ట్‌లో, సియాటిల్ చినుకుల్లో, చల్లని లాట్ మీద ఒక్కరే నడిపేవాళ్ళకి ఎ052.

ఫాల్కెన్ ఆర్‌టి660, కుమ్హో వి730 ఈ రెండు చివరల మధ్య ఉంటాయి. "నాకు 200 కావాలి, రోజూ కూడా వాడాలి, రెండో సెట్‌కి జాగా లేదు" అని పట్టుబట్టేవాళ్ళకి నేను చూపించేది వీటినే. మొదటి వరస టైర్ల కంటే ధర తక్కువ, పట్టు వాటికి మరీ దూరంలో లేదు, రోడ్డు మీద బతకనిస్తాయి. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. వేడిగా ఉన్న ఈ టైర్లతో పాడక్‌లో కంకర మీంచి వెళ్తే చిన్న రాళ్ళన్నీ జిగటుకి అంటుకుంటాయి. ఇంటికి వెళ్ళే దారంతా అవి ఒక్కొక్కటే ఊడి ఫెండర్ లోపల టక్ టక్‌మని తగులుతుంటే కారుకి ఏమైందోనని టెన్షన్ పడకండి.

రెండు సెట్లు: ఖర్చా, పొదుపా

ఉన్న రిమ్ముల మీద రోజువారీ టైర్లు, విడిగా కొన్న రిమ్ముల మీద ఆటోక్రాస్ టైర్లు. వినగానే జేబుకి చిల్లు అనిపిస్తుంది. నిజానికి రెండు సెట్లుంటే ఒక్కోటీ తన వంతు మాత్రమే అరుగుతుంది కాబట్టి టైర్ల మీద పెట్టే డబ్బు మొత్తంలో పెద్ద తేడా రాదు. అదనంగా అయ్యేది రిమ్ముల ఖర్చు, దానితో పాటు జాకీ, టార్క్ రెంచ్. అసలు సమస్యలు వేరే ఉన్నాయి.

మొదటిది చోటు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు టైర్లు పేరిస్తే లీజింగ్ ఆఫీస్ నుంచి ఈమెయిల్ వచ్చే అవకాశం ఎక్కువ, పైగా ఎండ తగిలితే రబ్బరుకి మంచిది కాదు. రెండోది మోత. టొయోటా జీఆర్86 వాళ్ళు అదృష్టవంతులు, వెనక సీటు మడిస్తే నాలుగు చక్రాలూ లోపలే పట్టేస్తాయి. రెండు సీట్ల మాజ్డా మియాటా వాళ్ళకి ఆ భాగ్యం లేదు, వెనక చిన్న ట్రెయిలర్ తగిలించుకుని వచ్చేది అందుకే. మూడోది ఓపిక. పొద్దున్నే లాట్‌లో నాలుగు చక్రాలు మార్చి, సాయంత్రం 100 డిగ్రీల ఎండలో రోజంతా కోన్లు ఏరి అలిసిపోయాక మళ్ళీ మార్చాలి. కారు మాన్యువల్లో ఉన్న టార్క్‌కే నట్లు బిగించి, కొన్ని మైళ్ళు నడిచాక మళ్ళీ చూసుకోవాలి. రెండో సెట్‌లో ప్రెషర్ సెన్సర్లు లేకపోతే డ్యాష్‌బోర్డ్‌లో పసుపు లైటు వెలుగుతూనే ఉంటుంది. కొన్నాళ్ళకి ఈ తంతు పడలేక జిగటు టైర్లనే వారమంతా కారుకి ఉంచేసేవాళ్ళు చాలామంది, అప్పుడు రెండు సెట్లు కొన్న అర్థమే పోయింది.

మిన్నియాపొలిస్, షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ, బోస్టన్ వాళ్ళకి మాత్రం ఈ మొత్తం ప్రశ్నే వేరు. మీకు శీతాకాలం ఎలాగూ వింటర్ టైర్ల సెట్ కావాలి, ఆ ఖర్చు తప్పదు. అలాంటప్పుడు ఆల్ సీజన్ మీద డబ్బు పెట్టడం ఎందుకు? ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబర్ దాకా ఆర్‌టి660 లాంటిదో, రోజూ దూరం ఎక్కువైతే స్పోర్ట్ 02 లాంటిదో వేసి, మిగతా కాలం వింటర్ సెట్‌తో నడపండి. మార్చేది ఏడాదికి రెండుసార్లే, లాట్‌లో జాకీ ఎత్తే పని లేదు. చలి ఊళ్ళవాళ్ళకి ఈ విషయంలో మనకంటే సుఖం అంటే డాలస్‌లో ఎవరూ నమ్మరు. అసలు కష్టం మధ్య ఊళ్ళది, వింటర్ టైర్లు కొనేంత చలి లేక, సమ్మర్ టైర్లతో నిశ్చింతగా ఉండేంత వెచ్చదనమూ లేక.

మీరు ఎవరు

మొదటి ఏడాది: ఇప్పుడు కారు మీద ఏముంటే దానితో వెళ్ళండి, ట్రెడ్ ఉండి పగుళ్ళు లేకపోతే చాలు. అది అరిగాకే ఈ వ్యాసానికి తిరిగి రండి.

రోజుకి 60-70 మైళ్ళు ఆఫీసుకి తిరిగేవాళ్ళు: 200 రకాన్ని రోజువారీగా మర్చిపోండి. ఆ దూరానికి అవి కోన్ల మధ్య కాక ఫ్రీవే మీదే అరిగిపోతాయి. సమ్మర్ టైరు, లేదా ఆల్ సీజన్‌తో పాటు చోటుంటే రెండో సెట్.

వారానికి రెండు రోజులే ఆఫీసు, ఇంట్లో ఇంకో ఎస్‌యూవీ ఉంది: ఆర్‌టి660 లేదా వి730 ఒకే సెట్‌గా నడిచిపోతుంది. వాన, చలి రోజుల్లో ఎస్‌యూవీ తాళాలు తీయండి.

హోండా సివిక్ ఎస్ఐ లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్: ముందు టైర్లే తిప్పాలి, లాగాలి, ఆపాలి, మీ ఖర్చంతా వాటిదే. ముందూ వెనకా తరచు మార్చుకుంటూ ఉండండి, లేకపోతే ముందు రెండు కొత్తవి, వెనక రెండు ముసలివి అయి వానలో వెనక భాగం తిరిగే ప్రమాదం ఉంది.

టెస్లా మోడల్ 3: మనవాళ్ళలో ఇదే ఎక్కువ కాబట్టి విడిగా చెబుతున్నా. బరువు ఎక్కువ, టార్క్ అక్కడికక్కడే, టైర్లు మామూలుగానే త్వరగా పోతాయి. సైజు ఒక్కటే కలిస్తే చాలదు, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) కూడా డోర్ స్టిక్కర్‌లో ఉన్నదానికి తగ్గకూడదు. కంపెనీ టైరు నుంచి జిగటు టైరుకి మారితే రేంజ్ తగ్గడం కూడా కనిపిస్తుంది. వీళ్ళకి 4ఎస్ స్థాయి సమ్మర్ టైరు దగ్గర ఆగమనే నా సలహా.

ఏ టైరైనా సరే, గాలి

టైరు మార్చకుండా టైమ్ తగ్గించే పనుల్లో తేలికైనది ఇదే, డబ్బు కూడా పడదు. మామూలు రోడ్డు టైర్లకి, ముఖ్యంగా ముందువాటికి, డోర్ స్టిక్కర్ మీద ఉన్నదానికంటే కొన్ని పీఎస్ఐలు ఎక్కువ పెట్టి మొదలుపెట్టండి, సైడ్‌వాల్ మడతపడి అంచు మీద నడవకుండా. ఎంత అని ఊహించక్కర్లేదు. సుద్దముక్కతో టైరు అంచు నుంచి సైడ్‌వాల్ మీదకి గీత గీసి రన్ చేయండి. చాలా టైర్ల మీద అంచు దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సుద్ద దాన్ని దాటి సైడ్‌వాల్ మీదకి చెరిగితే గాలి తక్కువ, దాని దాకా రాకుండానే ఆగితే ఎక్కువ. 200 రకంలో సైడ్‌వాల్ గట్టిగా ఉంటుంది కాబట్టి చాలా కార్లలో తక్కువ గాలితోనే బాగా పనిచేస్తాయి. ఎండ పెరిగినకొద్దీ గాలి కూడా పెరుగుతుంది, ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి సుమారు 1 పీఎస్ఐ, అందుకే పొద్దున పెట్టిన అంకె మధ్యాహ్నానికి పనికిరాదు. ఇంటికి బయలుదేరేముందు మళ్ళీ సరిచేసుకోవడానికి సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న పంపు ఒకటి కారులో పడేయండి.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ ఆఖరి నాలుగు అంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆల్ సీజన్ టైరు ఏడాది పాతదైనా ఫరవాలేదు, ఎ052 లాంటివి మాత్రం కొత్తవి అడిగి తీసుకోండి, పాత స్టాక్ మీద డిస్కౌంట్ ఇస్తున్నారంటే ఎందుకిస్తున్నారో ఆలోచించండి. మియాటా, జీఆర్86లకి పట్టే సైజుల్లో జిగటు టైర్లు సీజన్ మొదలయ్యేసరికి స్టాక్‌లో లేకుండా పోవడం మామూలే, కాబట్టి ఏప్రిల్ ఈవెంట్‌కి కావాలంటే ఫిబ్రవరిలోనే ఆర్డర్ పెట్టి, చలి తగ్గేదాకా ఇంట్లో వెచ్చటి మూల ఉంచండి.